మోకాల్లో బుర్ర

నడవడానికి కూడా పందెమేమిటి, రేపు ఆవలించడానికీ తుమ్మడానికీ కూడా కప్పులిస్తారా అని నవ్వేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. అలాంటివాళ్ళను పట్టుకొచ్చి మైదానంలో దింపి, ఒక్క రౌండు నడక పందెం నడిపించాలి. నవ్విన నోటితోనే మంచినీళ్ళు అడుగుతారు. ఈ ఆటకి రూల్సు రెండే. మొదటిది, ఏ క్షణంలోనైనా ఒక పాదం నేలమీద ఉండి తీరాలి. రెండూ గాల్లోకి లేచాయంటే అది పరుగు. మిగతా ఆటల్లో పరుగుతో పరువు వస్తుంది, ఇందులో పరుగుతో పరువు పోతుంది. రెండోది, ముందుకు వేసిన కాలు మడమ నేలకి ఆనినప్పటినుంచి ఒళ్ళు దాని మీదికి వచ్చేవరకు మోకాలు వంగకూడదు. కర్రలా నిలవాలి. ఈ రెండో రూలు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ బొంగరమనే పిల్ల ఇంటిమీద పగబట్టే కనిపెట్టి ఉంటాడు.

ఎందుకంటే బొంగరం వాళ్ళది మోకాళ్ళు వంచి బతికే వంశం.

వంచడమంటే ఎవరి ముందో వంచడం కాదు. వాళ్ళది అద్దాల కొట్టు. ముందుగదిలో గోడలనిండా ముఖం చూసుకునే అద్దాలు, వెనకగదిలో చెక్క దన్నుల మధ్య నిలబెట్టిన పెద్ద పెద్ద గాజు పలకలు. మధ్యలో బల్ల దగ్గర బొంగరం వాళ్ళమ్మ, పెదాల మధ్య సన్నమేకులు పట్టుకుని, ఫ్రేములు కొడుతూ ఉంటుంది. నోట్లో మేకులున్నంతసేపూ ఆవిడతో ఎవరూ గొడవ పెట్టుకోరు, పెట్టుకున్నా సమాధానం రాదు. ఆ లోటు తీర్చడానికి గుమ్మంలో స్టూలు మీద నానమ్మ ఉంది. వచ్చినవాళ్ళు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంటే, "అద్దం కొంటావా, ఊరికే అరగదీస్తావా నాయనా?" అని అడుగుతుంది.

ఇక నాన్న. ఆయన అసలు పని గాజు మోయడం. గాజు పలకను పడుకోబెట్టి మోయరు, నిలబెట్టి మోస్తారు. ముందొకరు, వెనకొకరు. కాలు బిగబట్టి నడిస్తే ప్రతి అడుగు దెబ్బా ఎముకల్లోంచి పైకి పాకి గాజుకి తగులుతుంది. అదే మోకాలు కాస్త వంచి, నేలను దువ్వుతున్నట్టు మెల్లగా నడిస్తే, ఆ దెబ్బ మోకాల్లోనే ఇంకిపోతుంది. అందుకే ఆ ఇంట్లో పిల్లలకి మాటలకన్నా ముందు ఆ మాటే నేర్పుతారు. "మోకాలు వంచు!" ఎవరి కాలైనా బిగుసుకున్నట్టు కనిపిస్తే చాలు, నాన్న నోట్లోంచి అది తుమ్ములా వచ్చేస్తుంది.

బొంగరం హైస్కూల్లో చదువుతోంది. కాలు నిలవదు కాబట్టి నానమ్మ పెట్టిన పేరది. హాజరుపట్టీలో వేరే పేరుంది గానీ, దాన్ని పిలిచేది హాజరు తీసుకునేవాళ్ళే. సెలవుల్లో గాజు పలకకి రెండో కొస పట్టుకునేది తనే. స్కూలు వరండాలో పరుగెత్తకూడదని బోర్డు పెట్టాక, ఒకరోజు ఆ బోర్డు కిందనుంచే దొంగతనంగా పరుగెడుతున్న మగపిల్లలను ఈ పిల్ల నడుస్తూ దాటేసింది. పీఈటీ మేడమ్ చూసింది. ఆ పాదాలు నేలను వదలడం లేదు. పిల్లలను తిట్టడం మర్చిపోయి, బొంగరాన్ని మైదానానికి లాక్కెళ్ళింది. అలా గాజు మోసిన కాళ్ళకి మొదటి రూలు పుట్టుకతో వచ్చినట్టే వచ్చేసింది. రెండో రూలు మాత్రం మోకాలడ్డింది.

కిందటేడు హైస్కూళ్ళ పోటీల్లో ఏం జరిగిందో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు, నానమ్మ తప్ప. పందెం చివరి రౌండు దాకా బొంగరమే ముందుంది. అప్పటికే రెండు ఎర్రకార్డులున్నాయి. ముగ్గురు జడ్జీలు ఎర్రకార్డు రాస్తే పందెంలోంచి తీసేస్తారు. అయినా బొంగరం పళ్ళు బిగించి, కాళ్ళు నిటారుగా వేస్తూ, అలుపుతో ఊగుతూ వస్తోంది. జనం మధ్యలో కూర్చున్న నాన్నకి ఆ బిగుసుకున్న కాళ్ళు కనిపించాయి. లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచాడు.

"మోకాలు వంచు తల్లీ!"

కూతురి మోకాలు, పాపం, చిన్నప్పటినుంచీ నాన్న మాట జవదాటని మోకాలు. వంగింది. మూడో ఎర్రకార్డు పడింది, పెద్ద జడ్జి చెయ్యి లేచింది. చేతిలో ఎర్ర బిళ్ళ.

కొట్టు వ్యాన్లో తిరిగొచ్చేటప్పుడు బొంగరం అడిగింది.

"నాన్నా, ఎందుకలా అరిచావు?"

"పడిపోతావేమోనని..."

"నా చేతుల్లో గాజు లేదు నాన్నా!"

నాన్న స్టీరింగు వైపే చూస్తూ, "చూసుకోలేదమ్మా" అన్నాడు. వెనక సీటులో నానమ్మ, "వీడి బుర్ర మోకాల్లో ఉంది, అది చాలక పిల్ల మోకాల్లో కూడా పెట్టాడు" అంది. మొదటి స్థానం పొరుగు స్కూలు పొడుగమ్మాయికి వెళ్ళింది. అందరూ నిచ్చెన అని పిలిచే ఆ పిల్ల కప్పు పట్టుకుని ఫొటోకి నిలబడితే, కప్పు ఫొటోలో పట్టింది గానీ తల పట్టలేదు.

ఫలితాల కాగితంలో బొంగరం పేరుకి ఎదురుగా స్థానం లేదు. 'తొలగింపు' అని ఒక్క ముక్క రాశారు. ఆఖరున వచ్చినా ఇంతకన్నా గౌరవంగా ఉండేదనిపించింది బొంగరానికి. ఇక మిగిలింది ఒకే ఏడాది. వచ్చే పోటీలయ్యాక స్కూలు అయిపోతుంది, స్కూలు పేరుమీద నడిచే హక్కూ అయిపోతుంది. ఆ ఒక్క పందెం మోకాలు వంగకుండా పూర్తి చెయ్యాలి, గెలవాలి. తనకి ఇంకేమీ అక్కర్లేదు.

"నీ కాళ్ళకి రెండు నడకలొచ్చు" అంది మేడమ్, మొదటిరోజు మైదానంలో. "ఒకటి కొట్టుది, ఒకటి నేను నేర్పింది. ఒంట్లో ఓపికున్నంతసేపూ నాది నడుస్తుంది. అలిసిపోగానే పాతది లేచి కూర్చుంటుంది."

"మరెలా మేడమ్?"

"కొత్తదాన్ని పాతది చెయ్యాలి. ఇంకో దారి లేదు. అరిగేదాకా చెయ్యి."

కాలికి బుద్ధి చెప్పడమంటే పారిపోవడమని అందరూ అనుకుంటారు. బొంగరం నిజంగానే కాలికి బుద్ధి చెప్పడం మొదలుపెట్టింది. తెల్లారగానే వీధి చివరిదాకా మడమల మీద నడక, స్కూలయ్యాక మైదానంలో రౌండ్లు, ఇంటికొచ్చాక డాబా మెట్లు. ముందు మడమ, దాని వెనక మేడమ్. "మడమ! మడమ!" అని ఆవిడ వెంటబడి అరుస్తుంటే, తోటి పిల్లలు ఆవిడకి 'మడమేడమ్' అని పేరు పెట్టేశారు. మోకాలి కింద ముందువైపు కండ మొదటి నెలంతా నిప్పులా మండింది. బొంగరం బకెట్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని లెక్కలు చేసుకునేది. నానమ్మ అది చూసి, "నానబెడుతున్నావా? మొలకలొస్తే చెప్పు" అనేది.

నడుము ఊపుతూ ఆ నడక నడుస్తుంటే స్కూల్లో 'బాతు' అనేవాళ్ళు. ఒకడైతే వెనకే క్వాక్, క్వాక్ అంటూ వచ్చాడు. బొంగరం ఆగలేదు, వేగం పెంచింది. వాడు క్వాక్ అనడానికి గాలి చాలక ఆగిపోయాడు. "బాతుని కాస్త పట్టుకోరా!" అని మిగతావాళ్ళు వాడినే ఏడిపించారు.

అసలు చిక్కేమిటంటే, మోకాలు వంగుతున్నప్పుడు వంగుతున్నట్టు బొంగరానికి తెలియడం లేదు. తనకి నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది, మేడమ్ మాత్రం ఈల ఊదుతుంది. ఈ గొడవంతా వింటున్న అమ్మ ఒక సాయంత్రం నోట్లోంచి మేకులు తీసింది. అమ్మ మేకులు తీసిందంటే విషయం పెద్దదని అర్థం.

"కొట్టునిండా అద్దాలు పెట్టుకుని, కాలు కనపడలేదని ఏడుస్తారేమే?" అంది.

మర్నాటినుంచి వెనక సందు గోడ పొడుగునా నిలువుటద్దాలు వెలిశాయి. ఫ్రేము వెయ్యాల్సినవి, మూల చిట్లినవి, కొంటామని చెప్పి పత్తా లేకుండా పోయినవాళ్ళవి, అన్నీ అమ్మ, నాన్న వరసగా ఆనించి పెట్టారు. బొంగరం ఆ వరస పక్కన నడిస్తే, ఒక అద్దంలోంచి జారి ఇంకో అద్దంలోకి దూకుతూ ఇంకో బొంగరం పక్కనే నడిచేది. మోకాలు వంగితే అది కళ్ళముందే వంగేది. వీధి కుక్క మొదట్లో తన బొమ్మనే చూసి మొరిగింది, తర్వాత దానికి పరిచయం పెరిగి తోకూపింది. సందులోంచి వెళ్ళేవాళ్ళు ఆగి క్రాపు సవరించుకునేవాళ్ళు. "జుట్టు తర్వాత దువ్వుకో బాబాయ్, మోకాలు కనపడట్లేదు!" అని బొంగరం అరుస్తూ వాళ్ళను దాటేది.

సందు చివర కుర్చీ వేసుకుని జడ్జిగా కూర్చుంది నానమ్మ. చేతిలో ఎర్ర జేబురుమాలు. ఆటంటే ఏమిటో తెలియని మనిషికి ఈ ఆట తీర్పులు చెప్పడం మాత్రం వంటబట్టేసింది.

"అవుట్!"

"ఏం నానమ్మా, వంగలేదుగా?"

"వంగబోయింది. నేను ముందే చూశాను."

"వంగబోతే కార్డు లేదు నానమ్మా!"

"నా సందులో ఉంది. పో, మళ్ళీ నడువు."

ఇలా నెలలు గడిచాయి. నిటారు కాలు నెమ్మదిగా కుదురుకుంటోంది అనుకునేసరికి, బేకరీవాళ్ళ షోకేసు గాజు వచ్చిపడింది. గుమ్మమంత పలక. నాన్నతో రెండో కొస పట్టే పనివాడు జ్వరంతో పడుకున్నాడు. బొంగరం మారు మాట్లాడకుండా వెళ్ళి పట్టుకుంది. వ్యాన్లోంచి దించి, రద్దీ వీధి దాటించి, బేకరీ మెట్లెక్కించి, గాజుకి చిన్న గీత పడకుండా బిగించి వచ్చారు. నాన్న దారంతా మురిసిపోయాడు. "ఎంత బాగా మోశావమ్మా! పట్టులాంటి నడక!"

ఆ పట్టు నడకే మర్నాడు కొంప ముంచింది. సందులో బొంగరం నడవడం మొదలుపెట్టగానే అద్దాల్లో ఉన్న అమ్మాయి మోకాళ్ళు వంచి, మెత్తగా, నేలను దువ్వుతూ వస్తోంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నానమ్మ ఎర్ర రుమాలు ఎత్తబోయి, మనవరాలి ముఖం చూసి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. బొంగరం సందులోనే చతికిలబడింది.

నాన్న కొట్టు వెనక గుమ్మంలోంచి చూస్తున్నాడు. "నడక బాగానే ఉందిగా?" అన్నాడు.

"బాగుంది నాన్నా. గాజుకి చాలా బాగుంది" అంది బొంగరం. ఏడుపు ఆపుకుంటోంది. "నెలల తరబడి చేసిందంతా ఒక్క పలకకి పోయింది."

నాన్న జీవితమంతా ఆ నడకే. దానివల్లే ఈ ఇల్లు, ఈ కొట్టు నిలబడ్డాయి. అది తప్పని ఎవరైనా అంటే కొట్టేవాడేమో. కానీ ఇక్కడ తప్పని ఎవరూ అనడంలేదు. అది ఈ పిల్లకి వద్దు, అంతే. ఆ మాట ఒంటికి పట్టడానికి ఆయనకి రెండ్రోజులు పట్టింది. మూడోరోజు పొద్దున్నే వెనకగదిలో రంపం చప్పుడు, సుత్తి చప్పుడు. సాయంత్రానికి నాలుగు చక్రాల మీద, ఇంటికప్పులా వాలిన చట్రంతో, గాజు పలకలు ఆనించే బండి తయారైంది. చక్రాలకి పాత సైకిలు ట్యూబులు చుట్టాడు, కుదుపు తగలకుండా. "గాజుకి చక్రాలేమిటి, సిగ్గులేకపోతే సరి" అని పదిమంది ముందు ఎగతాళి చేసిన మనిషే.

"ఇన్నాళ్ళూ చక్రాలంటే మూతి తిప్పాడు. ఇప్పుడు మూతి మూసుకుని చక్రాలు తిప్పుతున్నాడు" అంది నానమ్మ.

"ఇకమీదట నువ్వు గాజు ముట్టుకోవద్దు" అన్నాడు నాన్న, బొంగరంతో. "పోటీల దాకా. పోటీలకి నేను రాను కూడా. నా నోరు నా మాట వినదు."

బొంగరం అలవాటుగా నేలమీద మడమలు తట్టింది. "లేదు నాన్నా. నువ్వు రావాలి. రోజూ సాయంత్రం ఈ సందులోకి కూడా రావాలి. వచ్చి అరవాలి."

"ఏమని?"

"మోకాలు వంచమని."

"పిచ్చా? తప్పని తెలిసి ఎలా అరుస్తానే?"

"నువ్వు నోరు మూసుకున్నా నా లోపల నువ్వే అరుస్తున్నావు నాన్నా. బయటినుంచి అరిస్తే కనీసం ఎక్కడున్నావో తెలుస్తుంది. దాని పని పట్టొచ్చు."

అలా ఆ వీధిలో ఎవరూ కనీవినీ ఎరగని వ్యాయామం మొదలైంది. బొంగరం అద్దాల పక్కన దూసుకొస్తుంది. ఏ మూలనుంచో, ఏ బండి వెనకనుంచో నాన్న ఒక్కసారిగా "మోకాలు వంచు!" అని గర్జిస్తాడు. మొదటివారమంతా ఆ మాట పడగానే మోకాలు కరెంటు పోయినట్టు వంగిపోయింది. నాన్నకి గుండె తరుక్కుపోయేది, నానమ్మకి రుమాలు ఎత్తి ఎత్తి చెయ్యి నొప్పి పుట్టేది. ఎదురింటి దర్జీ అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ పిల్ల మోకాలు నీకేం అపకారం చేసిందన్నయ్యా? పొద్దస్తమానం దానిమీద పడతావేం?" అని నిలదీసింది.

"అదే అరవమంది చెల్లెమ్మా!"

"ఆడపిల్లమీద తోసెయ్, బాగుంది!"

వంగింది. మళ్ళీ వంగింది. వంగుతూ వంగుతూ, ఒకరోజు వంగబోయి ఆగింది. మర్నాడు వంగింది. ఆ పై వారం రెండుసార్లు ఆగింది. వానల్లో సందు బురదైతే అద్దాలకి గోనెసంచులు కప్పి, బొంగరం డాబా మీద నడిచింది, నాన్న గొడుగు కింద నిలబడి అరిచాడు. దగ్గొచ్చినా అరిచాడు. గొంతు బొంగురుపోయి కొట్టులో బేరాలు సైగలతో చేశాడు. ఆ నెలల్లో ఆయన నోటినుంచి కూతురికి ఒక్క మెచ్చుకోలు మాట రాలేదు, రానివ్వలేదు బొంగరం. తనకి కావలసింది ఆ ఒక్క అరుపే.

చివరికి ఒక సాయంత్రం, మైదానంలో రౌండ్లన్నీ అయ్యాక, కాళ్ళు సీసంలా బరువెక్కి ఇంటికొచ్చిన బొంగరం సందులో చివరి నడక నడుస్తోంది. నాన్న చెత్తకుండీ వెనకనుంచి పైకి లేచి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. కుక్క ఉలిక్కిపడింది. పాలవాడి సైకిలు పక్కకి జరిగింది. అద్దాల్లో మోకాలు కదల్లేదు. ఇంకోసారి అరిచాడు. కదల్లేదు. వెంటబడి అరిచాడు. బొంగరం నిటారు కాళ్ళమీద సందు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. నానమ్మ రుమాలుతో కళ్ళు తుడుచుకుని, "దుమ్ము" అంది.

నాన్న పరుగెత్తుకుంటూ కొట్టులోకి వెళ్ళి, ఫ్రేము బేరమాడుతున్న పెద్దమనిషి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మాట వినలేదండీ! మా అమ్మాయి నా మాట వినలేదు!"

ఆ పెద్దమనిషి జాలిగా చూసి, "మా ఇంట్లోనూ అంతే" అన్నాడు.

పోటీలరోజు ఎండ పొద్దున్నే ఒళ్ళు విరుచుకుంది. మైదానం చుట్టూ జడ్జీలు, ఒక్కో మలుపులో ఒకరు, చేతిలో పసుపు బిళ్ళలు పట్టుకుని నిలబడ్డారు. పసుపు బిళ్ళంటే హెచ్చరిక. ఎర్రకార్డు మాత్రం వాళ్ళు చూపించరు, చీటీమీద రాసి పంపుతారు. అది ట్రాక్ పక్కన పెద్ద బోర్డుమీద నెంబరుకి ఎదురుగా ఎర్ర చుక్కగా పడుతుంది. మూడో చుక్క పడితే అప్పుడు పెద్ద జడ్జి ఎర్ర బిళ్ళ ఎత్తుతాడు.

నిచ్చెన ఈసారి ఇంకాస్త పొడుగైంది. పిస్తోలు పేలగానే ఒక్కో అడుగుకీ మీటరు మింగేస్తూ ముందుకెళ్ళిపోయింది. బొంగరం దాని వెనకే. మొదటి రౌండ్లు నున్నగా సాగాయి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వెనకబడ్డారు. మూడో రౌండు మలుపులో నిచ్చెన వేగం పెంచింది, దాన్ని పట్టుకోవాలనే కంగారులో బొంగరం అడుగు ఒకటి తొణికింది. బోర్డుమీద చుక్క. సరే అనుకుని సర్దుకుంది. సగం దాటాక ఎండ నెత్తికెక్కింది, ఎక్కడ తప్పిందో తెలియకుండానే రెండో చుక్క పడింది.

జనం మధ్యలో నానమ్మ నిలబడి, "ఆ జడ్జికి కళ్ళద్దాలు అమ్మండ్రా ఎవరైనా!" అని కేకేసింది. అమ్మ పెదాలు బిగించి కూర్చుంది, నోట్లో మేకులు లేవన్న సంగతి మర్చిపోయినట్టు. నాన్న రెండు చేతులతో తన మోకాళ్ళే పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు.

ట్రాక్ పక్కన మేడమ్ చేతులు కిందికి ఊపుతోంది. "తగ్గించు! రెండు పడ్డాయి! రెండో స్థానం మనదే, వెనక ఎవరూ లేరు. జాగ్రత్తగా పూర్తి చెయ్యి!"

అది నిజమే. వెనక చాలా దూరం ఖాళీ. తగ్గితే వెండి పతకం, పేరుకి ఎదురుగా ఒక స్థానం, తొలగింపు అన్న ముక్క ఉండదు. బొంగరం తగ్గించింది. ఊపిరి కాస్త దొరికింది. నిచ్చెన దూరమైంది. నాలుగు అడుగులు, పది అడుగులు మెల్లగా, జాగ్రత్తగా...

ఎదుటి జడ్జి పసుపు బిళ్ళ ఎత్తాడు. బిళ్ళమీద వంగిన మోకాలి గుర్తు.

బొంగరానికి చల్లటి నీళ్ళు కుమ్మరించినట్టయింది. మెల్లగా, జాగ్రత్తగా. ఆ రెండు మాటలూ తన కాళ్ళకి చిన్నప్పటినుంచీ తెలుసు. మెల్లగా నడవడమంటే గాజు మోస్తున్నట్టే. జాగ్రత్తపడిందంటే చేతుల్లో పలక ఉన్నట్టే. పాత నడక దాక్కునే చోటు ఇదే, ఈ నెమ్మది. సందులో నాన్న అరుపుల మధ్య నిటారుగా నిలిచిన కాలు వేగంలో నిలిచింది, భయంలో కాదు. మేడమ్ మాట మంచిమాటే, మరే పిల్లకైనా. తనకి మాత్రం తగ్గితేనే ప్రమాదం.

'నా చేతుల్లో గాజు లేదు' అనుకుంది బొంగరం. మోచేతులు వెనక్కి లాగి కొట్టింది. మడమ దిగింది, కాలు నిటారుగా నిలిచింది, నడుము తిరిగింది, రెండో మడమ దిగింది.

"ఏం చేస్తున్నావే!" మేడమ్ ఈల కింద పడిపోయింది. "తగ్గించమంటే..." అని, రెండు క్షణాలు ఆ మోకాళ్ళనే చూసి, గొంతు మార్చేసింది. "పో! పో! అలాగే పో!"

పసుపు బిళ్ళ ఎత్తిన జడ్జి నడుము వంచి, తల పక్కకి పెట్టి, ఆ పిల్ల కాళ్ళను చూశాడు. పెన్ను తీశాడు. చూస్తూనే ఉన్నాడు. పెన్ను జేబులో పెట్టేశాడు.

ఆఖరి రౌండు గంట మోగేసరికి నిచ్చెనకీ బొంగరానికీ మధ్య ఒక వ్యాను పట్టేంత చోటుంది. వెనకవైపు సగం రౌండులో ఒక సైకిలంత అయింది. మలుపు తిరిగేసరికి నిచ్చెన నీడ బొంగరం పాదాల కిందికి వచ్చింది. అలుపు పైకెక్కింది. పిక్కలు వంగమన్నాయి, తొడలు వంగమన్నాయి, ఊపిరితిత్తులు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వంగితే ఏం పోతుందన్నాయి. నెలలపాటు చెత్తకుండీల వెనకనుంచి వినీ వినీ ఆ మాటకి చెవి కాయకాచిపోయింది. మోకాలు ఒప్పుకోలేదు.

నాన్న లేచాడు. అమ్మ ఒక చెయ్యి, నానమ్మ ఒక చెయ్యి గబుక్కున పట్టుకున్నారు. ఆయన నోరు తెరిచాడు. గొంతులోంచి బొంగురుగా ఒక్క ముక్క వచ్చింది.

"నడూ!"

అంతే.

చివరి తిన్నటి దారిలో ఇద్దరూ భుజం భుజం కలిపి వచ్చారు. నిచ్చెన కాళ్ళు పొడుగు, బొంగరం కాళ్ళు మొండి. నిచ్చెన ఒక అడుగు వేసేలోపు బొంగరం ఒకటిన్నర వేస్తోంది. ఒక్కో మడమా టక్కుమని నేలమీద ముద్ర గుద్దుతోంది. ఎప్పుడూ బాతు బాతు అని నవ్వే స్కూలు పిల్లలందరూ లేచి నిలబడ్డారు, నవ్వడానికి ఒక్కడికీ ఊపిరి లేదు. గీత ముందు బొంగరం ఛాతీ ముందుకు పడింది. దాటింది. ముందు తనే దాటింది.

దాటాక కూలబడలేదు, వెనక్కి తిరిగి బోర్డు వైపు చూసింది. ఈ ఆటలో గీత దాటినా గెలుపు ఖాయం కాదు. చివరి అడుగులకి రాసిన కార్డు ఆలస్యంగా కూడా రావచ్చు. మేడమ్ వచ్చి పక్కన నిలబడింది. కంచె దూకి నాన్న వచ్చాడు, కంచెను తిట్టుకుంటూ చుట్టూ తిరిగి అమ్మ, నానమ్మ వచ్చారు. రొప్పుతూ నిచ్చెన కూడా వచ్చింది.

ఒక జడ్జి బోర్డు వైపు నడిచి వచ్చాడు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. జడ్జి బోర్డు దగ్గర ఆగాడు. బొంగరం నెంబరు దగ్గరికి చెయ్యి చాపాడు. ఓ పక్కకి వాలిన బోర్డుని సరిగ్గా నిలబెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"ఓరి నీ చక్కదనం మండ!" అంది నానమ్మ. "గుండె చేతిలో పట్టుకుని చూస్తుంటే, పెళ్ళిచూపులకి పటం సర్దినట్టు బోర్డు సర్దుతాడేం?"

"ఆపవే అమ్మా" అన్నాడు నాన్న, ఇంకా కళ్ళు తెరవకుండా.

మైకు గరగరలాడింది. మొదటి స్థానం అంటూ, హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడని ఆ పేరు మైదానమంతా వినపడింది. ఒక్క క్షణం ఇంట్లోవాళ్ళకే అదెవరో అర్థం కాలేదు. అమ్మకి ముందు తట్టింది. ఆవిడ నోట్లోంచి వచ్చిన కేకకి నాన్న కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళ సంసారంలో ఆవిడకి అంత గొంతుందని ఆయనకి తెలియదు.

"మధ్యలో నువ్వు తగ్గావు. అయిపోయిందనుకున్నా" అంది నిచ్చెన, చెయ్యి చాపుతూ. "మళ్ళీ ఎలా వచ్చావు? కాలు వంగకుండా?"

"మా నాన్న రోజూ అరుస్తాడు."

"ఏమని?"

"వంచమని."

నిచ్చెన ఆయన వైపు పైనుంచి కిందికి చూసింది. నమ్మాలో వద్దో తేలలేదు. నాన్న మాత్రం గొంతు సవరించుకుని, కొత్త బేరం వచ్చినవాడిలా, "కాలేజీ పోటీలకి తయారవుతావుగా తల్లీ? సాయంత్రాలు ఖాళీయేనా?" అన్నాడు. నిచ్చెన పకపకా నవ్వింది, "వస్తానంకుల్" అంది.

"గెలిచినవాళ్ళు ఒక రౌండు తిరగాలి, వెళ్ళు" అని మేడమ్ బొంగరం వీపు తట్టింది. "జనం పిలుస్తున్నారు."

"నడుస్తూనా మేడమ్?"

"నీ ఇష్టం."

బొంగరం ట్రాక్ మీదికి వెళ్ళి, ఒక్క క్షణం కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మోకాళ్ళు వంచి, పరుగెత్తింది. రెండు పాదాలూ ఒకేసారి గాల్లోకి లేచాయి, మళ్ళీ లేచాయి, నేలను తాకితే తాకాయి లేకపోతే లేదు. మలుపుల్లో జడ్జీలు ఒక్కొక్కరే బిళ్ళలు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. వెనకనుంచి స్కూలు పిల్లలు కంచె దూకి తనతోపాటు పరుగెత్తడానికి వస్తున్నారు గానీ, ఒక్కడికీ అందడంలేదు.